పూజ్యం

"సార్, సున్నా అంటే ఏం లేదనే కదా? మరి అంతటికీ మాలిక్ సున్నా ఎట్లయితడు?"

2022 ఫిబ్రవరి మొదటి వారం. కరోనా మూడో విడతకు మూసిన బడులు అప్పుడే తెరిచారు. నారాయణఖేడ్‌లో నేను నడిపే చిన్న కంప్యూటర్ సెంటర్‌లో ఉన్నవి పన్నెండు మెషిన్లు. అన్నీ పట్నంలో ఆఫీసులు వాడి పక్కన పెట్టినవే. హైదరాబాదులో స్వేచ్ఛ ఉద్యమం వాళ్లు తెలుగులోకి తెచ్చిన డెస్క్‌టాప్ చూసి లినక్స్‌లోకి వచ్చినవాణ్ణి నేను. ఈ పాత మెషిన్లకు ఉబుంటు ఎక్కించి పిల్లలకు నేర్పుతాను. ఆ సాయంత్రం పాఠం ఆపి ఒక్కోదానికీ సవరణ ఎక్కిస్తుంటే, వెనక నిలబడి చూస్తున్న పదో తరగతి పిల్ల తెర మీద కనిపించిన సున్నాను పట్టుకుంది.

లినక్స్‌లో ప్రతి వాడకందారుకూ ఒక అంకె ఉంటుంది. పేరు మన కోసం. యంత్రం గుర్తుపట్టేది అంకెనే. ఉబుంటులో మామూలు మనుషుల లెక్క 1000 నుంచి మొదలవుతుంది. ఆ పిల్లది 1001. ఏ ఫైలైనా తెరవగల, ఎవరి ఖాతానైనా చెరపగల యజమాని ఒకడుంటాడు. వాడి పేరు రూట్, అంకె సున్నా.

"అది వాళ్లు పెట్టుకున్న లెక్కమ్మా" అన్నాను. ఆ జవాబు ఆమెకూ ఆనలేదు, నాకూ ఆనలేదు. ఇంటికి వెళ్తుంటే దారిలో తట్టింది, మన భాషలో సున్నాకు ఇంకో పేరు ఉంది కదా అని. పూజ్యం. పూజించదగిన వాడన్నా పూజ్యుడే, ఏమీ లేదన్నా పూజ్యమే. ఒకే మాటలో రెండు కొసలనూ కలిపి పెట్టారు మనవాళ్లు. ఆ వారం నేను మాన్పుతున్న లొసుగూ, దానికి ముందు బయటపడ్డ మరో రెండూ, మొత్తం పదిహేను నెలల్లో మూడు, ఆ రెండు కొసల మధ్యనే పుట్టాయి. ఖాళీని ఒక జవాబుగా తీసుకోవడం వల్ల పుట్టాయి.

మొదటిది 2020 నవంబరులో తెలిసింది. కనిపెట్టినవాడు గిట్‌హబ్ సెక్యూరిటీ ల్యాబ్‌లో పనిచేసే కెవిన్ బ్యాక్‌హౌస్. ఉబుంటులో లాగిన్ తెరను చూపించే ప్రోగ్రాం పేరు జీడీఎం. కొత్త మెషిన్‌లో ఇంకా ఎవరికీ ఖాతా లేకపోతే అది పాస్‌వర్డ్ అడగదు. మొదటి ఖాతా తెరుచుకోమంటుంది, ఆ ఖాతాకు అడ్మిన్ హక్కులు కట్టబెడుతుంది. కొత్త ఇంట్లో మొదట అడుగుపెట్టినవాళ్ల చేతికి తాళాలివ్వడం సబబే. కాకపోతే ఖాతాలున్నాయో లేవో జీడీఎంకు సొంతంగా తెలియదు. అకౌంట్స్ డీమన్ అనే ఇంకో ప్రోగ్రాంను అడిగి తెలుసుకుంటుంది.

బ్యాక్‌హౌస్ ఆ డీమన్ నోరు కట్టేశాడు. అది చదివే ఒక చిన్న ఫైలు మామూలు వాడకందారు ఫోల్డర్‌లోనే ఉంటుంది. ఆ ఫైలుకు బదులు డెవ్-జీరో వైపు చూపే లింకు పెట్టాడు. చదివేకొద్దీ సున్నాలే వచ్చే, అడుగన్నది లేని ఫైలది. డీమన్ అందులో దిగి పైకి రాలేకపోయింది. పైగా ఆ ఫైలు చదివేటప్పుడు అది తన హక్కులు వదిలి వాడకందారు స్థాయికి దిగుతుంది. దిగినందుకే, దాన్ని ఆపడానికీ కూల్చడానికీ మామూలు వాడకందారుకు వీలు చిక్కింది. తర్వాత లాగౌట్ అయ్యాడు. జీడీఎం అడిగింది, ఇంట్లో ఎవరైనా ఉన్నారా అని. పలుకు రాలేదు. పలకలేదంటే లేరనుకుంది. వచ్చినవాడి చేతిలో తాళాల గుత్తి పెట్టింది.

దీన్ని మొదటిసారి చదివినప్పుడు నాకు మా చుట్టుపక్కల తండాలు గుర్తొచ్చాయి. పండుగలు దాటగానే ఎన్ని ఇళ్లకు తాళాలు పడతాయో ఖేడ్ వాళ్లకు చెప్పనక్కరలేదు. ఇంటిల్లిపాదీ చెరకు కోతకు పోతారు, మళ్లీ ఎండలు ముదిరే వేళకు వస్తారు. అన్నాళ్లూ తలుపు కొడితే పలికేవాళ్లుండరు. పలకనందుకు ఆ ఇల్లు ఎవరిదీ కాదని ఊళ్లో ఒక్కరూ అనరు.

రెండో లొసుగునూ బ్యాక్‌హౌసే పట్టుకున్నాడు, 2021లో. అది చెప్పాలంటే మా తాత దగ్గరికి పోవాలి.

తాత సుంకరి, అంటే ఊరి అధికారుల దగ్గర నౌకరు. ఆ రోజుల్లో ఊరికి ముగ్గురు అధికారులు. శిస్తుకు మాలీ పటేల్, తగాదాలకు పోలీస్ పటేల్, కాగితాలకు పట్వారీ. 1984లో ఎన్టీ రామారావు ప్రభుత్వం రద్దు చేసేదాకా తరం మీద తరంగా నడిచిన కొలువులవి. ఆ పద్ధతి మంచిదని నేను అనను. ఎంత వెట్టి చేయించుకున్నారో తాత వీపుకు తెలుసు. సుంకరికి తనదంటూ ఏ అధికారమూ లేదు. పట్వారీ బస్తా నెత్తిన పెట్టుకుని పోతుంటే మాత్రం దారిచ్చేవాళ్లు. బస్తా ఉన్నంతసేపు తాత మాట పట్వారీ మాటే. అందుకే ఎవరైనా వచ్చి "దొర ఫలానా కాగితం తెమ్మన్నడు" అంటే తాత మొదట అడిగేది ఒకటే: "ఏ దొర? పేరు చెప్పు." పేరు చెప్పకుండా వెనక్కి తిరిగి పోయినవాడికి కాగితం పోదు.

డెస్క్‌టాప్‌లో అలాంటి మధ్యమనిషి పోల్‌కిట్. డేవిడ్ జైథెన్ అనే రెడ్‌హ్యాట్ ఇంజనీరు రాసింది. మనం కొత్త ఖాతా తెరవాలన్నా, మెషిన్ తేదీ మార్చాలన్నా ఒక చిన్న కిటికీ వచ్చి పాస్‌వర్డ్ అడుగుతుంది చూడండి, దాని వెనక కూర్చుని ఒప్పుకోవాలా వద్దా అని తేల్చేది ఇదే. ప్రోగ్రాంలు ఒకదానికొకటి డీబస్ అనే తపాలా ద్వారా కబురు పంపుకుంటాయి. కబురు రాగానే పోల్‌కిట్ ఆ తపాలానే అడుగుతుంది: ఇది పంపినవాడి అంకె ఎంత?

బ్యాక్‌హౌస్ చేసిందల్లా కబురు పంపి, జవాబు వచ్చేలోగా పంపిన ప్రోగ్రాంను చంపేయడం. కబురు పంపే పని మొత్తానికి పట్టేది 16 మిల్లీసెకన్లు. సగంలో, ఎనిమిదో మిల్లీసెకను దగ్గర తెంపేశాడు. అప్పటికి కబురు చేరింది, పంపినవాడు లేడు. పోల్‌కిట్ అడిగితే తపాలా నిజమే చెప్పింది, ఆ పేరుతో ఇక్కడెవరూ లేరని. చాలా చోట్ల పోల్‌కిట్ ఆ మాట విని కబురును తోసిపుచ్చుతుంది. ఒక్క దారిలో మాత్రం వినలేదు. తప్పు జరిగిందన్న చీటీని పక్కన పెట్టి, అంకె రాయాల్సిన గడి వైపు చూసింది. గడిలో ఎవరూ ఏమీ రాయలేదు. రాయని గడిలో మొదట పెట్టుకున్న సున్నా అలాగే ఉంది. సున్నా అంటే రూట్. అడిగినవాడు సాక్షాత్తూ యజమానే అనుకుని దారి వదిలింది. ప్రతిసారీ కాదు, సమయం కుదరాలి; నాలుగైదుసార్లు ప్రయత్నిస్తే కుదిరేది. కుదిరాక అడ్మిన్ హక్కులున్న కొత్త ఖాతా ఒకటి వెలిసేది.

ఏడేళ్లపాటు ఉంది ఆ లొసుగు. ఉబుంటు 20.04లోనూ, పెద్ద సంస్థలు వాడే రెడ్‌హ్యాట్ 8లోనూ ఉంది. 2021 జూన్ 3న సవరణ వచ్చింది. సవరణ మొత్తం రెండు పంక్తులు: తప్పు ఎదురైతే, బయటికి పో. నేను ఆ రెండు పంక్తులను పిల్లలకు చాలాసార్లు చూపించాను. తాత అడిగిన "ఏ దొర?" అన్న ప్రశ్నను ఇంతకంటే పొట్టిగా రాయలేరెవరూ. ఇట్లా ఇతరుల అధికారం మోస్తూ ఎవరి కోసం మోస్తున్నాడో మరిచిన నౌకరు గురించి నార్మ్ హార్డీ అనే ఆయన 1988లోనే ఒక వ్యాసం రాశాడు. తికమకపడ్డ నౌకరు అన్న అర్థం వచ్చే పేరు పెట్టాడు దానికి. ముప్పై ఏళ్లకు పైగా ఆ పేరు తెలిసిన వాళ్లే ఈ ప్రోగ్రాంలు రాస్తూ వచ్చారు. తెలియక జరిగేదైతే ఇంత బాధ ఉండదు.

ఇక మూడోది, ఆ ఫిబ్రవరి సాయంత్రం మా మెషిన్లలోంచి తీసేస్తున్నది. క్వాలిస్ అనే సంస్థ వాళ్లు కనిపెట్టారు. 2021 నవంబరు 18న రెడ్‌హ్యాట్‌కు చెప్పి, సవరణ సిద్ధమయ్యాక 2022 జనవరి 25న లోకానికి చెప్పారు. మనకు తెల్లవారితే జెండా పండుగ. పోల్‌కిట్‌తో పాటే వచ్చే పీకేఎగ్జెక్ అనే చిన్న ప్రోగ్రాంలోది అది. 2009 మేలో మొదటిసారి రాసిన నాటి నుంచీ ఆ లొసుగు అందులో ఉంది. మా సెంటర్‌లో సున్నా గురించి అడిగిన పిల్ల అప్పటికి అంగన్‌వాడీకి పోతూ ఉండాలి.

పీకేఎగ్జెక్ మీద ఒక ముద్ర ఉంటుంది. ఎవరు పిలిచినా సరే, అది నడిచేటప్పుడు యజమాని హక్కులతోనే నడుస్తుంది. బెల్ ల్యాబ్స్‌లో డెనిస్ రిచీకి వచ్చిన ఆలోచన ఇది. 1973లో పేటెంటుకు అర్జీ పెట్టారు, 1979లో వచ్చింది, తర్వాత దాన్ని అందరికీ వదిలేశారు. తాత నెత్తిన పట్వారీ బస్తా లాంటిదే ఆ ముద్ర. అలాంటిది మోసేవాడు ఒక్క క్షణం ఏమరినా యజమాని ఏమరినట్టే.

ఏమరింది ఎక్కడంటే, ప్రతి ప్రోగ్రాంనూ పిలిచేటప్పుడు రెండు జాబితాలు చేతికిస్తారు. మొదటిది ఏం చేయాలో చెప్పేది. అందులో ఒకటో వరుసలో ఆ ప్రోగ్రాం పేరే ఉంటుంది. రెండోది చుట్టూ ఉన్న పరిస్థితులు చెప్పేది. జ్ఞాపకంలో ఆ రెండూ పక్కపక్కనే ఉంటాయి, మధ్యలో మొదటి జాబితా అయిపోయిందని చెప్పే ఒక్క గుర్తు తప్ప. ఒకటో వరుసలో తన పేరు ఎలాగూ ఉంటుందని నమ్మి పీకేఎగ్జెక్ నేరుగా రెండో వరుస నుంచి చదవడం మొదలుపెట్టేది. మొదటి జాబితానే ఖాళీగా ఇస్తే? రెండో వరుస అనుకున్నది పక్క జాబితాలో మొదటి వరుస అవుతుంది. అది అక్కడున్నదాన్ని చదివింది. చదివి ఊరుకోలేదు, ఆ పేరు గల ప్రోగ్రాం ఎక్కడుందో వెతికి పూర్తి చిరునామాను అదే వరుసలో తిరిగి రాసింది. ముద్ర ఉన్న ప్రోగ్రాం నడిచే ముందు ప్రమాదకరమైన వరుసలను పక్క జాబితాలోంచి వాకిట్లోనే ఏరేస్తారు. వాకిట్లో లాక్కున్న కత్తిని లోపల తన చేత్తోనే రాసి ఇచ్చింది పీకేఎగ్జెక్.

ఇది చదివినప్పుడు నా మనసు మా అవ్వ చెల్లెలి దగ్గర ఆగిపోయింది. ఆమెకు చదువు రాదు. ఒక కరువేడు జొన్న విత్తనాలకు అప్పు తీసుకుని, ఇచ్చినవాడు చూపించిన తెల్ల కాగితం మీద వేలిముద్ర వేసింది. పైన ఏమీ రాసి లేదు. రెండేళ్లకు ఆ కాగితం మీద రెండెకరాలు అమ్మినట్టు రాత వచ్చింది. వేలిముద్ర ఆమెదే, కాదనలేదు. ఖాళీ జాగ ఆమె వదిలింది, నింపినవాడు వేరే. తాత బతికినన్నాళ్లూ ఆ మాట తీస్తే లేచి పోయేవాడు. భూమి లెక్కలు రాసే పహాణీలో ఏ గడీ రాయకుండా వదలకూడదని, రాయడానికి ఏమీ లేకపోతే అడ్డంగా గీత కొట్టాలని ఆయన పట్వారీ దగ్గర చూసి నేర్చుకున్నాడు. చదువు రాని మనిషి, మాకొచ్చిన కాగితాలన్నీ తిప్పి తిప్పి చూసి, తెల్లగా మిగిలిన చోట వేలు పెట్టి చూపించేవాడు. "ఇక్కడ గీత కొట్టు బిడ్డా."

రశీదులో వెయ్యి రూపాయలని రాసి ఊరుకోం మనం. "అక్షరాలా వెయ్యి రూపాయలు మాత్రమే" అంటాం. అంకెల్లో రాస్తే 1000 పక్కన వాలుగీత, అడ్డగీత పెడతాం. ఆ "మాత్రమే" డబ్బు గురించి చెప్పే మాట కాదు. ఇక్కడితో నా రాత అయిపోయింది, దీని తర్వాత కనిపించేది నాది కాదు అని ఖాళీకి కట్టిన గోడ. పీకేఎగ్జెక్ తన జాబితా చివరి ఆ గోడ ఎక్కడుందో చూసుకోలేదు, అంతే.

ర్యాన్ మాలన్ అనే ప్రోగ్రామరు 2013లోనే ఆ ఖాళీని చూశాడు. జాబితా శూన్యంగా ఇస్తే పీకేఎగ్జెక్ పక్కదాన్ని చదువుతోందని రాసి పెట్టాడు కూడా. దానితో హాని చేసే దారి ఆయనకు దొరకలేదు. హాని రుజువు కాలేదు కాబట్టి ఖాళీ ఇంకో ఎనిమిదేళ్లు ఖాళీగానే ఉంది. క్వాలిస్ చెప్పిన కొన్ని గంటల్లోనే వాడటానికి సిద్ధంగా ఉన్న దాడి ప్రోగ్రాం బహిరంగంగా వచ్చేసింది. అందుకే గీత కొట్టడానికి రుజువు కోసం ఆగకూడదని నేను గట్టిగా నమ్ముతాను. తాత ఏ కాగితం దగ్గరా ఆగలేదు.

జెండా పండుగ రోజు సెంటర్‌కు సెలవు. ఉదయం జెండా దగ్గర్నుంచి నేరుగా వెళ్లి పన్నెండు మెషిన్లలోనూ పీకేఎగ్జెక్ మీదున్న యజమాని ముద్రను చెరిపేశాను. అసలు సవరణ ఎక్కించేదాకా అదే దారి. ఒక్క ఆదేశం, మెషిన్‌కు పది సెకన్లు. వారం తర్వాత నెట్టు సరిగా అందాక సవరణ ఎక్కించాను. అందులో ఉన్నది చిన్న ప్రశ్న: జాబితాలో ఒక్కటైనా ఉందా? లేకపోతే అక్కడే ఆగిపో.

ఆ ఏడాది మేలో వచ్చిన లినక్స్ కెర్నల్ 5.18 ఇంకో అడుగు వేసింది. ఎవరైనా ఖాళీ జాబితా ఇస్తే, కెర్నలే అందులో ఒక వరుస చేరుస్తుంది. ఆ వరుసలో ఏ అక్షరమూ ఉండదు. అంటే ఏమీ లేని జాబితా బదులు "ఏమీ లేదు" అని ఒక చీటీ ఉన్న జాబితా వెళ్తుంది. రెండింటికీ తేడా ఏముందని అనిపించవచ్చు. తాత గీతకూ తెల్ల కాగితానికీ ఉన్నంత తేడా ఉంది.

మన పాత లెక్కల్లో ఈ తేడా బాగా తెలుసు. హళ్లికి హళ్లి, సున్నకు సున్న అంటాం, అంతా పోయిందన్న అర్థంలో. హళ్లి ఏమిటో ఇప్పుడు చాలామందికి తెలియదు. భిన్నాలను నాలుగో వంతు, అందులో నాలుగో వంతు అంటూ దిగేటప్పుడు కరణాలు ఒక స్థానానికి ఒక రకం గుర్తులు, తర్వాతి స్థానానికి ఇంకో రకం గుర్తులు వాడేవారు. బేసి స్థానంలో ఏమీ లేదని చెప్పే గుర్తు హళ్లి. సరి స్థానంలో ఏమీ లేదని చెప్పేది సున్న. ఒక చోటి లేమిని ఇంకో చోటి లేమితో కలపకుండా వేర్వేరు గుర్తులు చెక్కుకున్న మనుషులు వాళ్లు. 2008లో ఆ హళ్లికి యూనికోడ్‌లో కూడా చోటు దొరికింది. ఈ రోజు ఏ కంప్యూటరైనా దాన్ని గుర్తుపట్టగలదు.

మా ఊరికి నైరుతిలో, బీదర్ దాటి కలబురగి జిల్లాలోకి పోతే మాల్ఖేడ్ వస్తుంది. ఖేడ్ అంటే ఊరే. ఒకప్పుడది మాన్యఖేటం, రాష్ట్రకూటుల రాజధాని. తొమ్మిదో శతాబ్దంలో అమోఘవర్షుడి కాలంలో మహావీరాచార్యుడు గణితసార సంగ్రహం రాశాడు. దాన్నే తర్వాత పావులూరి మల్లన తెలుగు చేశాడు. అంత గొప్ప గణితజ్ఞుడు కూడా ఏదైనా సంఖ్యను సున్నాతో భాగిస్తే ఆ సంఖ్య మారదని రాశాడు. తప్పని ఈ రోజు హైస్కూలు పిల్లలు చెప్పగలరు. నాకు మాత్రం అది చదివితే ఆయన మీద గౌరవం తగ్గదు. పంచడానికి ఎవరూ లేకపోతే వస్తువు ఉన్నచోటే ఉంటుందని అనుకున్నాడేమో పాపం. ఎవరూ లేకపోవడాన్ని ఒక జవాబుగా చూశాడు. దాదాపు పన్నెండు వందల ఏళ్ల తర్వాత జీడీఎం రాసినవాళ్లూ అలాగే చూశారు. ఆ ప్రశ్నకు అసలు జవాబే లేదని ఒప్పుకోవడం మనిషికి కష్టం. ఏదో ఒకటి రాసి గడి నింపితే గాని చెయ్యి ఊరుకోదు.

ఆ వారమంతా పాఠం ఇదే అయింది. బోర్డు మీద ఒక గడి గీసి, అందులో సున్నా రాయడానికీ, గీత కొట్టడానికీ, ఏమీ రాయకపోవడానికీ తేడా చెప్పించాను. సున్నా గురించి అడిగిన పిల్ల రెండు రోజులు ఏమీ మాట్లాడలేదు. మూడో రోజు తాను చేసుకొచ్చిన మార్కుల ప్రోగ్రాం చూపించింది. అంతకుముందు నెలలో అందరితో పాటు చేయించిందే: పేరు, ఆరు సబ్జెక్టులు, మొత్తం, సగటు. ఆమె అందులో ఒకచోట మార్చింది.

"ఏం మార్చినవ్ బిడ్డా?"

"ఎనిమిదో తరగతి హాఫ్ ఇయర్లీ అప్పుడు మేము కోతకు పోయినం సార్. వచ్చి చూస్తే మా బళ్లె నాకు అన్నిట్ల సున్నాలు ఏసిండ్రు. నేను రాసి సున్నా తెచ్చుకోలే. రానే లేదు."

గైర్హాజరైన పిల్లల పేరు ఎదురుగా ఏ.బి. అని రాయాలని ప్రతి ఉపాధ్యాయుడికీ తెలుసు. కాగితం నుంచి కంప్యూటర్లోకి ఎక్కించేటప్పుడు ఎవరో ఆ గడి ఖాళీగా వదిలి ఉంటారు, ప్రోగ్రాం దాన్ని సున్నా అనుకుని సగటు కట్టి ఉంటుంది. ఎవరి తప్పని నేను వెతకలేదు.

ఆమె ప్రోగ్రాంలో ఒక పేరు ఎదురుగా గడి వదిలి ఎంటర్ నొక్కాను. మొత్తం రాలేదు, సగటు రాలేదు. తెర మీద తెలుగులో ఒక్క వరుస వచ్చి ఆగింది: "ఈ పిల్ల రాలేదు. ఎక్కడికి పోయిందో అడగండి."